పన్నెండడుగుల డిష్ మీద బీడీ దారం

కోరుట్లలో శశిధర్ రావు పన్నెండడుగుల డిష్ ఎత్తించిన వారం రోజులకే ఊళ్లో ఆయన మాట చులకనైపోయింది.

అంతకుముందు ఆయన మేడ మీద ఎనిమిదడుగుల డిష్ ఉండేది. మూడేళ్లుగా దాని నుంచే వైర్లు లాగి నాలుగు వాడలకు కేబుల్ ఇస్తున్నాడు. బొమ్మ మరీ అద్దంలా కాకపోయినా చూసేవాళ్లకు ఇబ్బంది లేకుండా వచ్చేది. అది 1996 ఎండాకాలం. తెలుగు చానెళ్లు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. పెద్ద డిష్ పెడితే బొమ్మ ఇంకా సాఫ్‌గా వస్తుందనీ, కొత్త చానెళ్లు కూడా పట్టుకోవచ్చనీ హైదరాబాద్ నుంచి ఇనుప వలలాంటి జాలీ డిష్ ఒకటి తెప్పించాడు. ఎత్తిన రోజు కొబ్బరికాయ కొట్టారు. వాడవాళ్లంతా వచ్చి తలలెత్తి చూసి, "గిది డిష్షా, గంగాళమా?" అని నవ్వుకుంటూ పోయారు. ఆ సాయంత్రం ఇళ్లలో టీవీలు పెట్టుకుంటే బొమ్మ కంటే తెల్ల చుక్కలే ఎక్కువ కనిపించాయి.

శశిధర్ రావుది వెల్గటూర్ దిక్కు దొరల కుటుంబం. ఊళ్లలో నక్సలైట్ అన్నల జోరు పెరిగినప్పుడు ఆయన తండ్రి భూములు వదిలేసి కోరుట్లకు వచ్చి స్థిరపడ్డాడు. తాతల పేరు మీద కాకుండా తన సొంత బుద్ధితో శశిధర్ రావు నిలబెట్టుకున్న మొదటి పని ఈ కేబుల్. అందుకే దాని మీద ఆయనకు అంత పట్టుదల. దారిన పోయేవాడు "రావు సాబ్, మీ టీవీల వాన పడుతున్నది" అంటే ఆయనకు అన్నం సహించేది కాదు.

డిష్ బిగించిన వాడు జగిత్యాల ఫిట్టర్ మల్లన్న. మూడుసార్లు వచ్చి చూశాడు. డిష్ ముందు కడ్డీల చివర ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఆకాశం నుంచి వచ్చిన సిగ్నల్‌ను డిష్ ఒకచోటికి చేర్చి ఆ పెట్టె నోట్లో పోస్తుంది. ఫిట్టర్లు దాన్ని ఎల్ఎన్‌బీ అంటారు. మల్లన్న దాన్ని మార్చాడు, మళ్లీ మార్చాడు. చుక్కలు పోలేదు. హైదరాబాద్ ఇంజనీరుకు ఫోన్ చేస్తే, ఆ వారమే బంద్ పిలుపు ఉండి రోడ్డు మీద బస్సు ఒకటి కాలిపోయిందని పేపర్లో చదివానని, పరిస్థితి సర్దుకున్నాక వస్తానని అన్నాడు. ఎప్పుడు సర్దుకుంటుందో ఆ రోజుల్లో ఎవరు చెప్పగలరు?

అప్పుడు సత్తయ్య నోరు విప్పాడు. సత్తయ్య పూర్వం తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. ఇప్పుడు కేబుల్ వైర్ల కోసం స్తంభాలెక్కుతున్నాడు.

"దొరా, సిరిసిల్లల వెంకటి అని ఒక మెకానిక్ ఉన్నడు. మా మేనకోడలు ఇంట్ల టీవీ పాడైతే ముగ్గురు చేతులెత్తేసిన్రు. ఆడ ఇచ్చినంక రెండు దినాలల్ల బాగైంది. పిలుచుకరమ్మంటే పోతా."

"రేపే పో" అన్నాడు శశిధర్ రావు.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య, ఒక సందు మొదట్లో ఉంది వెంకటి దుకాణం. సత్తయ్య వెళ్లేసరికి బల్ల ముందు ముప్పై ఏళ్ల ఆడమనిషి కూర్చుని, రేడియో వెనక మూత తీసి, సీసం కరిగించి అతుకు పెడుతోంది. పక్కన కుర్చీలో ఉన్న మగమనిషికి నమస్కారం పెట్టి, సత్తయ్య కోరుట్ల సంగతంతా చెప్పాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు. ప్రశ్న మాత్రం ఆమే తల ఎత్తకుండా అడిగింది:

"చుక్కలు ఎట్లున్నయే అన్నా? ఇసుక చల్లినట్టు సన్నగ ఉన్నయా, లేకపోతే తోకలున్నయా?"

సత్తయ్య ఒక్క క్షణం తడబడి, ఆయన వైపు తిరిగి జవాబు చెప్పాడు. "తోకలున్నయి. సర్రుసర్రున గీతల లెక్క కొడ్తయి."

"నాకెందుకు చెప్తవే సత్తన్నా? ఆమెకు చెప్పు" అన్నాడు వెంకటి. "మెకానిక్ ఆమెనే."

ఆమె వెంకటి భార్య రాజలక్ష్మి. ఐదేళ్ల కిందటి దాకా ఆమె కండెలు చుట్టేది. తండ్రి మరమగ్గాల మీద పని చేసేవాడు. దారాల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆమె. వెంకటి పేరున్న రేడియో మెకానిక్. ఒకరోజు ఎల్లంతకుంట నుంచి బాగుచేయాల్సిన సెట్లు తెస్తుంటే, సంచిలోని వైర్లు, బ్యాటరీలు చూసి అన్నల కోసమేమోనన్న అనుమానం మీద పోలీసులు పట్టుకుపోయారు. మూడు రోజులకు వదిలారు. ప్రాణంతో వచ్చాడు కానీ కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. అతుకు పెట్టే కడ్డీ ఆ చేతిలో నిలవదు. దుకాణం మూసేద్దామనుకున్న రోజున రాజలక్ష్మి బల్ల ముందు కూర్చుంది. "నువ్వు చెప్పు, నేను చేస్త" అంది. అతను చెప్పేవాడు, ఆమె చేసేది. ఆరు నెలలకు అతను చెప్పకముందే చేయడం మొదలైంది. రెండేళ్లకు అతను ఎందుకలా చెప్పాడో అడిగి, "గట్ల కాదు, గిట్ల జేస్తె?" అనే దాకా వచ్చింది. అయినా ఊరికి అది వెంకటి దుకాణమే. జనం సెట్టు తెచ్చి వెంకటికే అప్పగించేవారు. బాగైనాక వెంకటినే మెచ్చుకునేవారు. అందువల్లే సత్తయ్యకు సంగతి తెలియదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కారు. రాజలక్ష్మి సంచి తన ఒళ్లోనే పెట్టుకుంది. వెంకటి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. వేములవాడ దాటి కొంత దూరం పోయాక బస్సు ఆగింది. తుపాకులు పట్టుకున్న పోలీసులు ఇద్దరు పైకెక్కారు. ఒక్కొక్క సంచీ చూస్తూ వచ్చిన జవాను రాజలక్ష్మి సంచి విప్పి, లోపలున్న వైర్ల చుట్ట, మీటరు, దిక్సూచి పైకి తీశాడు.

"గీ సామాను ఎవరిది?"

వెంకటి లేవబోయాడు. అతని మోకాలి మీద చెయ్యి వేసి రాజలక్ష్మే లేచి నిలబడింది.

"నాది సార్. టీవీ మెకానిక్‌ను."

"ఆయనా, నువ్వా?"

"నేనే. కోరుట్లల డిష్ పని మీద పోతున్నం."

"గిదేంది మరి?" జవాను దిక్సూచి ఊపి చూపించాడు.

"డిష్ ఆగ్నేయం దిక్కు చూడాలె సార్. గా దిక్కు చూసుకునేటందుకు. నమ్మకుంటె మీ టార్చి ఇయ్యిన్రి."

జవాను రెండోవాడి ముఖం చూసి, నడుముకున్న టార్చి తీసిచ్చాడు. ఆమె మూత విప్పి, మూడు సెల్లులూ ఒకదాని తర్వాత ఒకటి మీటరుకు తగిలించింది. మొదటిదానికీ చివరిదానికీ ముల్లు గబుక్కున లేచింది. నడుమదానికి కదల్లేదు.

"గీ నడిమి సెల్లు అయిపోయింది సార్. గిదొక్కటి మార్చుకుంటె చాలు. మూడు కొనకున్రి."

వెనక సీట్లో ఎవరో ముసలామె కిసుక్కున నవ్వింది. జవాను కూడా నవ్వు ఆపుకోలేక సామానంతా సంచిలో పెట్టి ఇచ్చేశాడు. బస్సు కదిలింది. వెంకటి మెల్లగా, "నాకు కాళ్లు వణికినయి" అన్నాడు.

"నాకు వణకలేదా?" అంది రాజలక్ష్మి. "గాని తప్పు చెయ్యంది నేనెందుకు తల వంచాలె?"

కోరుట్లలో శశిధర్ రావు వాకిట్లోనే ఎదురు చూస్తున్నాడు. వెంకటిని చూసి రెండడుగులు ముందుకేసి, మేడ మీదికి దారి చూపించాడు. "వెంకటీ, నువ్వు పైకి నడువు. నీ భార్యను లోపల ఇందిర దగ్గర కూసోమను. ఎండ మస్తున్నది."

"పైకి పోయేది ఆమెనే సార్" అన్నాడు వెంకటి. "నేను ఎంబడి ఉంట."

'దొరా' అనకుండా 'సార్' అన్నందుకో, ఆ సంగతి విన్నందుకో, శశిధర్ రావు ముఖం కాస్త మారింది. అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చున్న జగిత్యాల మల్లన్న పైకే అనేశాడు. "గీమెనా? నేను పదిహేను డిష్‌లు బిగించిన. నాకు దొరకంది గీమెకు దొరుకుతదా?"

రాజలక్ష్మి అతని వైపు చూసి, "పదిహేను బిగించినోనివి, నువ్వు ఈడనే ఉంటె మంచిది. నీకు తెలిసింది నాకు చెప్పాలె" అంది. మల్లన్న మెట్ల మీది నుంచి లేచాడు.

ఆమె ముందు డిష్ దగ్గరికి పోలేదు. మెట్ల పక్క గదిలో ఉన్న టీవీ ముందు కూర్చుని బొమ్మను చూసింది. కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ శశిధర్ రావు భార్య ఇందిరాదేవి, ఆమె ఏం చేస్తుందోనని ఆసక్తిగా చూస్తోంది.

"చూసినవా అమ్మా, చుక్కకు తోక ఉన్నది" అంది రాజలక్ష్మి. "వాడల పొంటి పోయే వైర్లల్ల తప్పుంటె బొమ్మ మీద మంచు పట్టినట్టు ఉంటది. గిట్ల తోకలు రావు. తప్పు డిష్ కాడనే ఉన్నది. మీరు ఈడనే కూసొని బొమ్మ ఎట్లున్నదో నాకు కేకేసి చెప్పాలె. చెప్తరా?"

"ఎందుకు చెప్ప? చెప్త" అంది ఇందిరాదేవి. అప్పటిదాకా ఈ కేబుల్ వ్యవహారంలో ఆమెను ఎవరూ ఏ పనీ అడగలేదు. చాప తెచ్చుకుని టీవీ ముందు కూర్చుంది.

మేడ మీద ఎండ నిప్పులు కురిపిస్తోంది. రాజలక్ష్మి కొంగు బిగించి, డిష్ నుంచి గదికి వచ్చే వైరు మొత్తం తడిమి చూసింది. అతుకులు విప్పి చూసింది, తడి లేదు, చిలుము లేదు. సత్తయ్య చేత పాత ఎల్ఎన్‌బీ తెప్పించి, కొత్తదాని స్థానంలో పెట్టించింది.

"అట్లనే ఉన్నది!" అని కింది నుంచి ఇందిరాదేవి కేకేసింది.

"చెప్పిన గద" అన్నాడు మల్లన్న. "నేను మార్చి మార్చి చూసిన."

"చెప్పినవు. నేను చూసుకోవాలె గద" అంది ఆమె. "ఇప్పుడు డిష్‌ను కొద్దికొద్దిగ పక్కకు తిప్పు."

మల్లన్న నట్లు వదులు చేసి, రెండు వేళ్ల మేర తిప్పాడు. "అట్లనే!" అని కేక వచ్చింది. మరో రెండు వేళ్లు తిప్పాడు. "అట్లనే ఉన్నదమ్మా, జెర చుక్కలు ఎక్కువైనయి, గంతే!" ఇటువైపు తిప్పాడు. అటువైపు కూడా అంతే.

రాజలక్ష్మి పిట్టగోడ మీద కూర్చుని ఆలోచించింది. తరవాత వెంకటిని పిలిచింది.

"ఏమయ్యా, డిష్ ఎంత పెద్దగైతే చూపు అంత సన్నగైతదని నువ్వే చెప్పినవు గద? పన్నెండడుగులది నాలుగు వేళ్లు తిప్పినంక బొమ్మ మొత్తానికే పోవాలె. ఇది పోతలేదు. అంటే ఇది ఒక్కచోటికి చూస్తలేదు. సగం అటు, సగం ఇటు చూస్తున్నది."

వెంకటి డిష్ వైపు తేరిపార చూశాడు. "వంగిందంటవా? కండ్లకైతే గుండ్రంగనే కనవడుతున్నది."

"కండ్లతోని చూస్తె మగ్గం మీద పడుగు కూడ సమంగనే కనవడ్తది. చేత్తో ముట్టి చూస్తే గదా ఏ పోగు వదులున్నదో తెలిసేది. నాకు దారం కావాలె. పన్నెండడుగులు దాటి ఉండాలె, తెగనిది."

ఇందిరాదేవి కుట్టు దారం కండె పంపింది. దాంట్లో మిగిలింది జానెడే. సత్తయ్య పిట్టగోడ మీది నుంచి కిందికి వంగాడు. ఎదురింటి అరుగు మీద బాలమ్మ చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"బాలవ్వా, నీ బీడీల దారం జెర ఇస్తవా? డిష్‌కు కావాలెనట."

"డిష్‌కు దారం గడ్తే బొమ్మొస్తదారా?" అంటూనే బాలమ్మ దారపుండ పైకి విసిరింది. సత్తయ్య ఒడుపుగా పట్టుకున్నాడు.

రాజలక్ష్మి చేసింది చూడడానికి చాలా చిన్న పని. డిష్ అంచు మీద ఎదురెదురుగా రెండు చోట్ల సత్తయ్య చేత దారం కట్టించింది. దానికి అడ్డంగా ఇంకో దారం. రెండూ డిష్ నడుమ ఒకదానినొకటి దాటాలి. బొటనవేలితో మీటి, రెండింటి బిగువూ ఒక్కటే అయ్యేదాకా మళ్లీ మళ్లీ కట్టించింది. తరవాత నిచ్చెనెక్కి, దారాలు కలిసే చోట చెయ్యి పెట్టింది.

"ఏమయ్యా, ఇటు రా. మల్లన్నా, నువ్వు గూడ రా. సార్, మీరు గూడ చూడున్రి."

శశిధర్ రావు నిచ్చెన రెండు మెట్లెక్కి చూశాడు.

"అంచు సమంగుంటె రెండు దారాలు నడుమ ఆనుకోవాలె. ఒకదాని మీద ఒకటి వాలినట్టు ఉండాలె. చూసిన్రా, సందు?" ఆమె మూడు వేళ్లు కలిపి ఆ సందులో పెట్టింది. మూడు వేళ్లూ పట్టాయి. "డిష్ వంగింది. పళ్లెం మీద కాలేసి తొక్కితే అయినట్టు."

రాజలక్ష్మి పక్కకు వచ్చి, ఒక కన్ను మూసి, అంచు వెంబడి చూపు పారించింది. ఇటు అంచు అటు అంచుతో ఎక్కడ కలవడం లేదో చూసుకుని, కింది ఎడమ వైపున జాలీని పట్టి ఉంచే రెండు ఇనుప కమ్మీల మీద సున్నపు ముక్కతో గీత పెట్టింది.

"మల్లన్నా, ఇది హైదరాబాద్ నుంచి సక్కగ ఈడికే వచ్చిందా?"

మల్లన్న తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పడానికి వీలుంది. కానీ ఆ సున్నపు గీత మీది నుంచి అతని చూపు కదల్లేదు. "లేదక్కా" అన్నాడు. "జగిత్యాలల ఇరవై దినాలు పసుపు గోదాంల పెట్టిన. గోడకు ఆనిచ్చి నిలబెట్టిన. పసుపు సీజన్ గద, దాని మీదికి బస్తాలు ఒరిగినయి. తీసినప్పుడు నాకు మంచిగనే కనవడ్డది. వంగిందని అనుకోలే."

శశిధర్ రావుకు కోపం వచ్చింది. ఆయన నోరు తెరిచేలోపే రాజలక్ష్మి అంది, "కండ్లకు కనవడే వంకర కాదు సార్. ఆయన అబద్ధం చెప్పిండా? చెప్పలే. ఇప్పుడు దీన్ని ఇప్పి సక్క చెయ్యాలె."

"కొత్త డిష్ ఇప్పుతవా? కంపెనీకి రాసి మారిపిస్త" అన్నాడు శశిధర్ రావు.

"మారిపిచ్చుడు మీ ఇష్టం. అది వచ్చేదాకా వాడోళ్లకు ఏం చెప్తరో అదీ మీ ఇష్టం. నా చేతుల పెడితె నేను పాడు చెయ్య."

ఆయన వెంకటి వైపు చూశాడు. వెంకటి ఆమె మాటకు తన మాట జోడించాల్సిన అవసరం లేదన్నట్టు నిలబడ్డాడు. కింది నుంచి ఇందిరాదేవి గొంతు వినిపించింది. "ఆమెకు తెలిసే చెప్తున్నది. కానియ్యున్రి!"

"సరే, కానియ్యి" అన్నాడు శశిధర్ రావు.

గీత పెట్టిన రెండు కమ్మీల బోల్టులు మల్లన్న వదులు చేశాడు. సత్తయ్య ఇంటికి పోయి తాటిచెట్లెక్కే మోకు తెచ్చాడు. ఐదేళ్లుగా దూలానికి వేలాడుతున్న తాడు అది. వంగిన అంచుకు ఒక కొస, పిట్టగోడ ఇనుప కమ్మీకి ఒక కొస కట్టి, నడుమ రోకలి దూర్చి మెలి పెట్టడం మొదలుపెట్టాడు. రాజలక్ష్మి నిచ్చెన మీద నిలబడి దారాల నుంచి కళ్లు తిప్పకుండా చెబుతోంది. "జెర... ఇంకో జెర... ఆగు."

మొదటిసారి అంచు సాగేసరికి దారం పుటుక్కున తెగింది. మళ్లీ కట్టారు. రెండోసారి సందు ఒక వేలంతకు తగ్గింది. కానీ మోకు వదిలేయగానే కమ్మీ మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఇనుముకు అలవాటైంది" అంది రాజలక్ష్మి. "కావాల్సిన దానికంటె ఇంకొంచెం ఎక్కువ గుంజాలె. వదిలితే వచ్చి సమానం కావాలె."

"విరుగుతదేమో అక్కా" అన్నాడు మల్లన్న.

"విరిగే ముందు కిర్రుమంటది. నేను చెవు పెట్టి ఇంటా."

ఆమె నిజంగానే కమ్మీకి చెవి ఆనించింది. సత్తయ్య రోకలి మెలి పెట్టాడు. పిక్కల్లో నరాలు తేలాయి. ఎండకు కమ్మీలు కాలుతున్నాయి. ఆమె చెంప మీద ఎర్రటి చార పడింది. అయినా తల తీయలేదు. ఒక కమ్మీ దారికి వచ్చింది. రెండోది మొండికేసింది. ఎంత గుంజినా గోరంత సందు ఉండిపోయింది. అప్పుడు వెంకటి అన్నాడు, "ఆ బోల్టు కింద రెండు వాషర్లు పెట్టి బిగించున్రి. గోరంత గాడనే కలిసొస్తది." పెట్టి బిగించారు. రాజలక్ష్మి పైకెక్కి చూసింది. రెండు దారాలు నడుమ వచ్చి ఒకదాని మీద ఒకటి వాలాయి. చిటికెన వేలు పెట్టబోతే దూరలేదు.

ఎల్ఎన్‌బీ ఎంత దూరంలో ఉండాలో డిష్‌తో వచ్చిన కాగితం చూసి వెంకటి చెప్పాడు. రాజలక్ష్మి టేపు పట్టి కొలిచి సరిచేసింది. దారాలు విప్పేశారు. దిక్సూచి చూసి డిష్ మొహం ఆగ్నేయానికి తిప్పారు. ఇప్పుడు మల్లన్న వేలెడు కదిపితేనే కింది నుంచి, "పోయింది! మొత్తం పోయింది!" అని కేక. అది విని రాజలక్ష్మి నవ్వింది. పొద్దున్నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"పోవాలె! గట్లనే పోవాలె! ఇటు... గోరంత ఇటు..."

కింది నుంచి చప్పుడు లేదు. "అమ్మా!" అని రాజలక్ష్మి పిలిచింది. జవాబు రాలేదు. శశిధర్ రావు మెట్లు దిగబోతుండగా ఇందిరాదేవే పరుగెత్తుకుంటూ పైకి వచ్చింది. ఆయాసపడుతోంది.

"ఒక్క చుక్క లేదు! వార్తలు చదివే పిల్ల చెవుల కమ్మలల్ల రాళ్లు లెక్క పెట్టొచ్చు. ఏడు రాళ్లు!"

అందరూ కిందికి ఉరికారు. శశిధర్ రావు టీవీ ముందు నిలబడి చానెల్ మీద చానెల్ మార్చాడు. పాత డిష్ పట్టలేని కొత్త చానెళ్లు రెండు వచ్చాయి. వీధిలో అలికిడైంది. అరుగు మీది నుంచి బాలమ్మ, "దారం కడితే బొమ్మొచ్చిందే!" అని వాడంతటికీ వినిపించేలా అరుస్తోంది. నాలుగిళ్ల వాళ్లు వచ్చి తమ టీవీల్లో కూడా సాఫ్‌గా వస్తోందని చెప్పారు. వారం రోజులుగా వాళ్ల మాటలు పడ్డ శశిధర్ రావు ఇప్పుడు వాళ్ల ముందు నిలబడి, మీసం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో ఆగి, ఆ చెయ్యి రాజలక్ష్మి వైపు చూపించాడు.

"సిరిసిల్ల నుంచి వచ్చింది. గామెనే చేసింది" అన్నాడు.

భోజనాలయ్యాక ఆయన వెంకటి పక్కకు వచ్చి కూర్చున్నాడు. "నీకు దండం పెట్టాలె వెంకటి. భార్యకు గింత మంచిగ పని నేర్పినవు."

వెంకటి చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "రేడియో నేర్పిన సార్, టీవీ నేర్పిన. గీ దారం పని మాత్రం నేను నేర్పలే. నాకు తెల్వనే తెల్వదు. ఇయ్యాల్ల ఆమె చేస్తుంటె చూసి నేనే నేర్చుకున్న."

ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో చిన్నబోవడం లేదు. ఒక ముఖ్యమైన సంగతి పెద్దమనిషికి తెలియజేస్తున్నట్టు, నిదానంగా, ఒక్కొక్క మాటా స్పష్టంగా చెప్పాడు. తలుపు అవతల ఇందిరాదేవితో కూర్చున్న రాజలక్ష్మికి ఆ మాటలు వినిపించాయి. ఆమె తల వంచుకుని చెంప మీద కాలిన చోట వెన్న రాసుకుంటూ ఉండిపోయింది. ఐదేళ్లలో ఎన్నో సెట్లు బాగుచేసింది. ఎప్పుడూ ఇంత తృప్తి కలగలేదు.

బయలుదేరుతుంటే మల్లన్న వెంట వచ్చాడు. చెప్పులు వేసుకోకుండా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి అన్నాడు, "అక్కా, పొద్దుగాల తప్పు మాటన్న. గా గోదాంలనే ఇంకో మూడు డిష్‌లు ఉన్నయి. ఒకటి మెట్‌పల్లికి పోవాలె, రెండు జగిత్యాలయే. నాకు భయమైతున్నది. వచ్చి చూస్తవా?"

"చూస్త. గాని దారం నువ్వు కట్టాలె. నేను పక్కన నిలబడ్త" అంది రాజలక్ష్మి. "రేపు నేను లేని నాడు గూడ నువ్వు చూసుకోగలగాలె."

మర్నాడు జగిత్యాలలో గోదాం ముందు ఆరుగురు ఫిట్టర్లు పోగయ్యారు. మూడు డిష్‌లలో ఒకటి బాగానే ఉంది, రెండు వంగాయి. మల్లన్న దారం కట్టాడు. సందు ఎంతుందో రాజలక్ష్మి అందరి చేతా వేళ్లు పెట్టించి చూపించింది. పసుపు ధూళికి తుమ్ముతూ, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది. తెలియనిది అడిగితే తెలియదంది. మధ్యాహ్నానికి రెండు డిష్‌లూ సమానమయ్యాయి. ఫిట్టర్లు గోదాం పక్క గోడ మీద తమకు కావలసిన ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు బొగ్గుతో రాసుకుంటారు. వాళ్లలో పెద్దవాడు బొగ్గు ముక్క తీసుకుని, "అమ్మా, నీ పేరేంది? ఎక్కడికి కబురు పంపాలె?" అని అడిగాడు.

"సిరిసిల్ల, రాజలక్ష్మి" అందామె.

ఆయన చిన్న అక్షరాలతో రాస్తుంటే వెంకటి దగ్గరికి పోయి, "ఇంకొంచెం పెద్దగ రాయి అన్నా. రోడ్డు మీది నుంచి కనవడాలె" అన్నాడు.

ఆయన చెరిపి మళ్లీ రాశాడు. పేరు పక్కన ఏం పని అని అడిగితే, వెంకటి ఆమె చెప్పేదాకా ఆగలేదు. "డిష్ మెకానిక్ అని రాయి" అన్నాడు.